ఒక పంక్తి కన్నా తక్కువ

నా బీరువాలో ఒక పేపరు కత్తిరింపు ఉంది. 2005 జులైలో ఆదివారం అనుబంధానికి నేను రాసిన వ్యాసం, ముప్పాతిక పేజీ. కాగితం పసుపెక్కింది, మడతల దగ్గర చిరుగుతోంది. మూడో కాలమ్ పక్కన మార్జిన్‌లో నీలం బాల్‌పెన్నుతో అంగుళం పొడవున ఒక అడ్డగీత ఉంటుంది. గీత చివర మా నాన్న పొడి అక్షరాలు, తేదీ. ఇన్నేళ్లలో ఆ కత్తిరింపును ఎన్నిసార్లు బయటికి తీశానో చెప్పలేను. తీసిన ప్రతిసారీ ఆ గీత పక్కనున్న నా వాక్యం మీదికి రాగానే కళ్లు పక్కకి తప్పుకుంటాయి.

ఆ ఏడు జూన్ చివర్లో అమెరికా విదేశాంగ శాఖ 1971 నాటి ఉపఖండ సంక్షోభం మీద ఒక లావుపాటి సంపుటం బయటపెట్టింది. ముప్పై ఏళ్లు నిండిన దౌత్య పత్రాలను అచ్చులోకి తేవాలని వాళ్లు 1991లో చట్టం చేసుకున్నారు. ఇది ముప్పై నాలుగో ఏట వచ్చింది. అందులో మెమోలు, తంతివార్తలు, సమావేశాల నోట్సు, వాటితోపాటు అప్పటి అధ్యక్షుడు నిక్సన్ తన గదిలో రహస్యంగా అమర్చుకున్న టేపుల్లోని సంభాషణలు ఉన్నాయి. ఏజెన్సీ వార్తగా మా డెస్కుకు చేరేసరికి ఇంత సంపుటంలోనూ ఒక్క ముక్కే మిగిలింది. ఇందిరాగాంధీ వాషింగ్టన్‌లో ఉండగానే, నవంబరు 5 ఉదయం, నిక్సన్ ఆమెను వెనకాల ఏమని తిట్టాడన్న ముక్క.

ఆ రాత్రి డెస్కులో ఆ తిట్టుకు తెలుగు వెతికాం. 'ముసలి మంత్రగత్తె' అంటే సరిగ్గా సరిపోతుంది. కానీ చప్పగా ఉందన్నారు. ఒకాయన 'మాయలమారి' అన్నాడు. చివరికి 'ముసలి రక్కసి' దగ్గర అందరం ఆగాం. శీర్షికలో బాగా అమిరింది మరి. నిక్సన్ తిట్టుకు మేం కాస్త కారం దట్టించి వడ్డించామన్న స్పృహ అప్పుడు ఎవరికీ లేదు. ఉన్నా ఎవరం పైకి అనలేదు. తర్వాత కొద్ది రోజులకే నిక్సన్ సలహాదారుగా పనిచేసిన కిసింజర్ ఆనాటి మాటలకు విచారం వెలిబుచ్చాడు. మా 'రక్కసి' విషయంలో విచారించాల్సిన వాళ్లం మేమే కదా అని ఆలస్యంగా తోచింది.

అక్కడితో వదిలేసినా బాగుండేది. కానీ 1971 నా సొంత ఆస్తి అనుకునేవాణ్ని నేను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. విశాఖపట్నం వన్ టౌన్‌లో ఉండేవాళ్లం. కిటికీ అద్దాలకు మైదా జిగురుతో అట్టల కాగితం అంటించాం. పొద్దుగూకాక వీధిలో ఈల ఊదుకుంటూ వార్డెన్లు తిరిగేవాళ్లు. డిసెంబరు 3 రాత్రి పెద్దవాళ్లంతా ఇందిరాగాంధీ ప్రసంగం కోసం రేడియో చుట్టూ చేరితే నేను నిద్రపోయాను. అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి ఒక శబ్దం వచ్చింది. కిటికీ అద్దాలు అదిరాయి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన రేవు ముంగిట మునిగిన రాత్రి అది. ఆ జలాంతర్గామి అంతకుముందు అమెరికాదే, పేరు డయాబ్లో, 1964లో పాకిస్తాన్‌కు ఇచ్చారు. ఆ తర్వాత వారానికే అమెరికా ఏడో నౌకాదళం బంగాళాఖాతం వైపు వస్తోందన్న కబురు. మా వీధిలో పిల్లలందరం ఆ నౌకాదళం నేరుగా మా బీచికే వస్తుందని నమ్మాం.

అందుకని ఆఫీసు కంప్యూటర్లో ఆ సంపుటం తెరిచి, నాకు కావలసిన కాగితాలు ప్రింటు తీసుకుని, పది రాత్రులు కూర్చున్నాను. నిజం చెప్పాలంటే అవి చదవదగ్గ కాగితాలు. ఏప్రిల్ 6న ఢాకాలోని అమెరికా కాన్సులేటు నుంచి వెళ్లిన తంతివార్త అందులో ఉంది. తూర్పు పాకిస్తాన్‌లో పాకిస్తాన్ సైన్యం సాగిస్తున్న మారణకాండను తమ ప్రభుత్వం చూసీ చూడనట్టు ఊరుకుంటోందని ఇరవై మంది ఉద్యోగులు చేవ్రాలు పెట్టి పంపిన అసమ్మతి అది. దాన్ని బలపరిచి పంపించిన కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్‌ను ఆ తర్వాత ఢాకా నుంచి తప్పించారు. అదే నెల 28న కిసింజర్ పంపిన మెమో మీద నిక్సన్ చేతిరాత ఉంది. పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యాఖాన్‌ను ఇప్పుడు ఒత్తవద్దని అందరికీ ఆజ్ఞ. ఆ 'వద్దు' కింద మూడు గీతలు.

ఎందుకు వద్దో తర్వాతి కాగితాలు చెబుతాయి. చైనాతో తలుపు తెరవడానికి యాహ్యా మధ్యవర్తి. జులైలో కిసింజర్ కడుపునొప్పి నెపంతో పాకిస్తాన్‌లో మాయమై పెకింగ్‌లో తేలాడు. మరుసటి ఏడు నిక్సన్‌కు ఎన్నికలు. పెకింగ్ వెళ్లి మావోతో చెయ్యి కలిపిన అధ్యక్షుడిగా ఓటరు ముందు నిలబడాలి. మన సరిహద్దు దాటి వచ్చిన దాదాపు కోటి మంది కాందిశీకులు ఆ లెక్కలో ఏ గడిలోకీ రాలేదు. ఇవన్నీ రాశాను. బాగానే రాశాను. గీత పడింది వీటి పక్కన కాదు.

ఆ సంపుటంలో అక్కడక్కడ బ్రాకెట్లు ఉంటాయి. లోపల ఒక చిన్న మాట ఉంటుంది: ఒక పంక్తి కన్నా తక్కువ భాగానికి రహస్య ముద్ర తొలగించలేదు అని. కొన్నిచోట్ల ఒక పంక్తి, కొన్నిచోట్ల రెండు. ఎంత మూసేశారో అంత కొలత చెప్పి మూసేస్తారు. డిసెంబరు మొదటి వారంలో సీఐఏ ఢిల్లీ నుంచి ఒక నివేదిక పంపింది. బంగ్లాదేశ్‌తో ఆగకుండా ఆజాద్ కశ్మీర్ దక్షిణ భాగాన్ని కలుపుకొని, పాకిస్తాన్ ట్యాంకులనూ విమానాలనూ తుడిచిపెట్టాలన్నది ఇందిర ఉద్దేశమని అందులో ఉంది. ఢిల్లీలో మంత్రివర్గానికి దగ్గరగా మసలే ఎవరో చెప్పి ఉండాలి. ఆ ఎవరో ఎవరన్నది మూతపడ్డ చోట్ల ఉంది.

నేను ఆ మూతలోకి ఒక మనిషిని దించాను. పరువునష్టం దావాకి జడిసి పేరు రాయలేదు. పేరు ఒక్కటే రాయలేదు. మూడు ఆనవాళ్లు ఇచ్చి, ఢిల్లీలో అందరికీ తెలిసిన రహస్యమేనని ముక్తాయించాను. నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఒక పాత విలేఖరి ఎప్పుడో టీ తాగుతూ అన్న మాట ఒకటి, నా ఊహ ఒకటి. మొరార్జీ దేశాయ్ ఉదంతం నాకు తెలియనిదా అంటే, తెలుసు. 1983లో సీమోర్ హెర్ష్ అనే అమెరికన్ విలేఖరి తన పుస్తకంలో ఆయన్ని సీఐఏ మనిషి అని రాశాడు. 1971 నాటికి ఆయన అసలు ఇందిర మంత్రివర్గంలో లేనే లేడు. దావా వేశాడు. కిసింజర్ స్వయంగా షికాగో కోర్టుకు వచ్చి ఆ మాట నిజం కాదని సాక్ష్యం చెప్పాడు. అయినా 1989లో జ్యూరీ రచయిత వైపే తీర్పిచ్చింది. తొంభై మూడేళ్ల మనిషి అంత దూరం ప్రయాణం చేయలేక ఇక్కడే ఉండిపోయాడు. ఈ కథంతా నా వ్యాసంలో రెండు వాక్యాల్లో పెట్టాను, హెచ్చరికగా కాదు, తాలింపుగా.

ఆదివారం పొద్దున వ్యాసం చూసి చాలామంది ఫోన్ చేశారు. మంచి ఊపు మీద ఇంటికి వెళ్లాను. నాన్న వరండాలో భూతద్దం పట్టుకుని చదువుతున్నాడు. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదు. రేవులో ఒక స్టీవడోరు దగ్గర టాలీ క్లర్కుగా జీవితమంతా చేశాడు. ఓడలోంచి దిగే బస్తాలు లెక్కపెట్టి కాగితం మీద గీతలు పెట్టడం ఉద్యోగం. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డం.

"ఒరే, ఈ బ్రాకెట్ల లోపల ఏటుంది?" అన్నాడు.

"మూసేశారు నాన్నా. కనబడదు."

"కనబడదని అచ్చేశారా ఆళ్లు?"

"అవును."

"మరి నీకెలా కనబడిందిరా?"

సమాధానం చెప్పడానికి నోరు తెరిచాను. సందర్భాన్ని బట్టి, ఆనాటి పరిస్థితులను బట్టి అంటూ ఏదో మొదలుపెట్టాను. నాన్న వినలేదు. జేబులోంచి పెన్ను తీసి గీత గీసి, పొడి అక్షరాలు పెట్టి, తేదీ వేశాడు. టాలీ షీటులో తను చూడని స్లింగు (ఓడలోంచి ఒక విడతకు దించే బస్తాలు) దగ్గర అలాగే గీసేవాడట. చూడలేదు అని దాని అర్థం. చూడలేదని చెబుతున్నది ఫలానా మనిషి అని ఆ పొడి అక్షరాలు.

ఆ వేళ ఆయన ఎప్పుడూ చెప్పనిది ఒకటి చెప్పాడు. పెళ్లికాక ముందు, ఒక రాత్రి షిఫ్టులో, ఎరువుల బస్తాల ఓడ. తెల్లవారుజామున కాస్త కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి కొన్ని స్లింగులు దిగిపోయాయి. అంతకుముందు స్లింగుల లెక్కనే వేసుకుని గడులు నింపేశాడు. లారీల దగ్గర లెక్క చూస్తే తొమ్మిది బస్తాలు తక్కువ వచ్చాయి. ఓడలోంచి దిగినట్టు కాగితం మీద ఉంది కాబట్టి, దిగాకే పోయాయని తేలింది. గట్టు మీదున్న ఒక కళాసీని అనుమానించారు. మర్నాటి నుంచి అతనికి పని ఇవ్వలేదు. నాన్న నోరు మెదపలేదు. కొత్త ఉద్యోగం.

"ఆడు మళ్లీ రేవులో కనబళ్లేదు. ఏటయ్యాడో తెలీదు," అన్నాడు. కాసేపాగి, భూతద్దం కళ్లజోడు పెట్టెలో పెట్టి మూసి, "పేరు కూడా గుర్తులేదురా," అన్నాడు.

నేను లేచి లోపలికి వెళ్లిపోయాను. సిగ్గుతో కాదు, కోపంతో. పత్రికలో పని వేరు, రేవులో పని వేరు అనుకున్నాను. చూసినదే రాయాలంటే చరిత్ర ఎవరు రాస్తారు? కోర్టులో రుజువయ్యేదాకా ఆగితే ప్రభుత్వాలు దాచినవన్నీ దాగినట్టే కదా? ఈ ప్రశ్నలు ఇప్పటికీ పనికిమాలినవని అనుకోను. కాగితం మీద ఖాళీ చూసి చేతులు కట్టుకు కూర్చోవడం కూడా ఒక రకం పిరికితనమే. నాన్న ఆ రోజు నోరు మూసుకోవడం చేసిన హాని, గడులు నింపడం చేసినదానికి తక్కువేం కాదు. ఆ మాట ఆయనకూ తెలుసు. అందుకే అన్నేళ్లు చెప్పలేదు.

మళ్లీ ఆ ప్రింట్లు తీయడానికి నాకు రెండు మూడు నెలలు పట్టింది. ఈసారి తిట్ల కోసం కాకుండా వరసగా చదివాను. అప్పుడు డిసెంబరు 12 కాగితాలు వేరేగా కనిపించాయి. ఆ రోజు న్యూయార్కులోని చైనా ప్రతినిధి నుంచి కబురుందని వాషింగ్టన్‌కు తెలిసింది. ఇంకా ఆ కబురు అందలేదు. అందకముందే నిక్సన్, కిసింజర్ ఇద్దరూ అది చైనా సేనలు భారత్ మీదికి కదులుతున్న కబురేనని తీర్మానించేసుకున్నారు. చైనా కదిలితే రష్యా కదులుతుంది, రష్యా కదిలితే మనం ఏం చేయాలి అని మాట్లాడుకున్నారు. అణ్వస్త్రాలున్న దేశాల గురించి ఆ మాటలు. తీరా కబురు చేరాక చూస్తే అందులో సేనల ఊసే లేదు. ఐక్యరాజ్యసమితిలో కాల్పుల విరమణ సంగతి.

ఢిల్లీ నుంచి వచ్చిన ఆ గూఢచారి నివేదికతోనూ అదే చేశారు. ఒక్క మనిషి చెవిన పడ్డ మాటను దేశం నిర్ణయంగా చదువుకున్నారు. ఏడో నౌకాదళపు ఎంటర్‌ప్రైజ్ నౌకను నడిపించింది చాలావరకు ఆ చదువే. డిసెంబరు 10న ఉత్తర్వు వెళ్లింది. 15న అది బంగాళాఖాతంలోకి వచ్చింది. 16న ఢాకాలో పాకిస్తాన్ సేనాని నియాజీ లొంగిపోయాడు. పశ్చిమ పాకిస్తాన్‌ను మేమే కాపాడామని వాళ్లు ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. తాము ఊహించుకున్న దాడి జరగకపోతే, దాన్ని ఆపింది తామేనని అనుకోవడానికి అడ్డేముంది?

వాళ్లను చూసి నవ్వుకుందామంటే నా వ్యాసం బల్ల మీదే ఉంది. మూత తీయని కబురులో తమకు కావలసింది చదువుకున్నవాళ్లకీ నాకూ తేడా ఎంత? వాళ్ల చేతిలో నౌకాదళం ఉంది, నా చేతిలో ముప్పాతిక పేజీ ఉంది. మనలో చాలామందికి ఏదో ఒక పేజీ ఉంటుంది, ఇంట్లోనో, ఆఫీసులోనో. మాట్లాడని అన్నగారి మౌనానికి మనం రాసిపెట్టుకునే అర్థం, జవాబు రాని ఉత్తరానికి మనం వేసుకునే కారణం. ఇదంతా అప్పటికప్పుడు బోధపడిందని చెప్పను. విడతలు విడతలుగా, ఒక్కోసారి ఒప్పుకోబుద్ధి కాక, కిందా మీదా పడుతూ తెలిసింది.

నాన్న 2009లో పోయాడు. మరుసటి ఏడు పత్రికల్లో ఒక వార్త వచ్చింది, ఘాజీ మునక మీద నౌకాదళం దగ్గరున్న కాగితాలు ఎప్పుడో ధ్వంసమైపోయాయని. మన రాజ్‌పుత్ నౌక వేసిన డెప్త్ ఛార్జీలు తగిలి మునిగిందా, తను వేసిన మందుపాతర తనకే తగిలి పేలిందా అన్న వాదం యాభై ఏళ్లుగా నడుస్తోంది. అది తేల్చగల కాగితాలకు అక్కడ బ్రాకెట్టు కూడా లేదు. చైనా చేతిలో 1962 ఓటమి మీద హెండర్సన్ బ్రూక్స్ ఇచ్చిన నివేదిక సంగతీ అంతే. 1963లో ఇచ్చినది, అధికారికంగా ఇంకా బయట పడలేదు. మనకూ 1993 నాటి ప్రభుత్వ రికార్డుల చట్టం ఉంది. నా వ్యాసం వచ్చిన ఏడాదే సమాచార హక్కు చట్టమూ వచ్చింది. అయినా మూసేసినది ఎంతో కొలత చెప్పి, కింద పొడి అక్షరాలు పెట్టే అలవాటు మన దఫ్తర్లకు ఇంకా పట్టుబడలేదు. ఒక పంక్తి కన్నా తక్కువ అని రాసే ఆ అమెరికా గుమాస్తా మీద నాకు కొంచెం అసూయ.

2020 సెప్టెంబరులో ఇంకో సంగతి జరిగింది. గ్యారీ బాస్ అనే చరిత్రకారుడు ఏళ్ల తరబడి వెంటపడి, 1971 నాటి నిక్సన్ టేపుల్లో బీప్ శబ్దంతో మూసేసిన చోట్లు తెరిపించాడు. కరోనా రోజులు, ఇంట్లోనే ఉన్నాను. ఆ మాటలు బయటికొచ్చిన రాత్రి గది తలుపేసుకుని చదివాను. ఆ మూతల కింద ఏముంటుందని నేను ఇన్నేళ్లు అనుకున్నాను? గూఢచారుల పేర్లు, ఆయుధాల లెక్కలు, ఎవరికో ముట్టిన డబ్బు. అక్కడ ఉన్నవి భారతీయ స్త్రీల రూపురేఖల మీద ఒక దేశాధ్యక్షుడు చేసిన నీచమైన వ్యాఖ్యలు, పక్కనున్నవాడి వంతపాట. ఒక యుద్ధకాలపు విధానం వెనక అలాంటి ఏవగింపు కూడా పనిచేసి ఉండవచ్చని, నేను చేసిన ఊహల్లో ఒక్కటి కూడా ఆ దరిదాపులకు పోలేదు. బాస్ తలుపు తట్టాడు, తెరిచేదాకా తట్టాడు. నేను తలుపు మీద బొమ్మ గీశాను.

నేను ఆనవాళ్లు ఇచ్చిన పెద్దమనిషి ఆ వ్యాసం నాటికే లేడు. ఆయన పిల్లలు చదివారో లేదో తెలీదు. చదివితే గుర్తుపట్టారో లేదో తెలీదు. సవరణ వేయమని ఆ ఏడాది చివర్లో ఆఫీసులో అడిగాను. పేరే లేనప్పుడు సవరణ ఏమిటని నవ్వారు. నేనూ మళ్లీ అడగలేదు.

మొన్న డిసెంబరులో ఒక కుర్ర విలేఖరి నన్ను బీచి రోడ్డులో విజయ స్తంభం దగ్గరికి తీసుకెళ్లి కెమెరా పెట్టాడు. ఆ రాత్రి ఊళ్లో ఉన్నవాళ్లు చాలా తక్కువ మంది మిగిలారట. ఘాజీని ఎవరు ముంచారు సార్, మీ నాన్నగారు రేవులోనే పనిచేసేవారు కదా, ఏం చెప్పేవారు అని అడిగాడు.

చిన్నప్పుడు నేనూ ఇదే అడిగేవాణ్ని. వీధిలో ప్రతి పిల్లాడి తండ్రికీ ఒక ఘాజీ కథ ఉండేది. ఒకాయన మంటలు చూశాడు, ఇంకొకాయన పెరిస్కోపు చూశాడు. మా నాన్న మాత్రం "నేను ఇంట్లో ఉన్నానురా" అనేవాడు. జాలర్లు సముద్రంలో తేలుతున్న వస్తువులేవో తెచ్చి నేవీకి ఇచ్చారని విన్నానని, చూడలేదని చెప్పేవాడు. ఎంత చిన్నతనంగా ఉండేదో నాకు.

ఆ కుర్రాడికి నేను చూసినంత చెప్పాను. అద్దాలు అదిరాయి. వంటింట్లో ఏదో కింద పడింది. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. నాన్న టార్చికి గుడ్డ చుట్టి, వేలి సందుల్లోంచి వెలుగు పడేలా పట్టుకుని లోపలికి వెళ్లాడు. ఇత్తడి గ్లాసు దొర్లి గుమ్మం దాకా వచ్చి ఆగింది. వంగి తీసి, పంచె కొంగుతో తుడిచి, గూట్లో బోర్లించాడు.